ఏం తిన్నావని అందరూ అడిగారు: రెండేళ్ళ దద్దుర్లు, ఇప్పుడు నేను వేసుకుంటున్న మాత్ర

మొదటి దద్దు 2024 సంక్రాంతి వారంలో వచ్చింది. ఎడమ మోచేతి లోపలి వైపు, రూపాయి బిళ్ళంత, మధ్యలో తెల్లగా ఉబ్బి చుట్టూ ఎర్రగా. దోమ కుట్టిందనుకున్నాను, జనవరిలో దోమేంటని కూడా ఆలోచించలేదు. రాత్రి పడుకునేసరికి నడుము చుట్టూ, డ్రెస్ బొందు కట్టుకునే చోట వడ్డాణం పెట్టినట్టు వరసగా లేచాయి. తెల్లారేసరికి అక్కడ ఏమీ లేదు, కానీ తొడల మీద కొత్తవి ఉన్నాయి.

మేము ఉండేది డాలస్ పక్కన. ఇక్కడ చలికాలంలో సీడర్ చెట్ల పుప్పొడి గాలి నిండా ఉంటుంది, సగం ఊరు తుమ్ముతూనే ఉంటుంది కాబట్టి నాదీ అదే అనుకున్నాం. సెట్రిజిన్ ఒకటి వేసుకుంటే రెండు గంటలు తగ్గేది. పుప్పొడి రోజులు పోయాయి, ఉగాది వచ్చింది, దద్దుర్లు మాత్రం పోలేదు. ఆరు వారాలు దాటి దాదాపు రోజూ వస్తుంటే దాన్ని క్రానిక్ అంటారని, బయట కారణం ఏదీ కనిపించకుండా వచ్చే ఈ రకానికి క్రానిక్ స్పాంటేనియస్ అర్టికేరియా అని పేరుందని నాకు తెలిసింది ఆ ఏడాది అక్టోబరులో. మధ్యలో పోయిన ఆ ఏడెనిమిది నెలల గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే ఇది చదువుతున్న చాలామంది ఇప్పుడు సరిగ్గా అక్కడే ఉండుంటారు.

ఎవరికి చెప్పినా మొదటి ప్రశ్న ఒకటే, "ఏం తిన్నావు?" తెనాలి నుంచి అమ్మ రోజూ ఫోన్‌లో అడిగేది, "ఏం తిన్నావే నిన్న? వంకాయ తిన్నావా?" వంకాయ మానేశాను. తర్వాత గోంగూర, చింతపండు, పల్లీలు, గుడ్లు, చేపలు, పాలు. కొత్త ఇంటికి మారాం కదా, ఆ నీళ్ళు పడలేదేమో అని అత్తయ్య అంటే స్నానానికి కూడా ఫిల్టర్ బిగించాం. వేపాకు కాచిన నీళ్ళు పోసుకున్నాను, పసుపు రాసుకున్నాను, తెలిసిన ఆయుర్వేదం డాక్టరుగారు శీతపిత్తం అని చెప్పి ఇచ్చిన చూర్ణం రెండు నెలలు తాగాను. అమ్మ వీడియో కాల్‌లోనే ఉప్పూ ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. ఎవరినీ తప్పు పట్టడం లేదు, వాళ్ళ చేతిలో ఉన్నది వాళ్ళు చేశారు. కానీ ఆగస్టు వచ్చేసరికి నేను తినేది పెరుగన్నం, బీరకాయ, యాపిల్. ఏడు కిలోలు తగ్గాను. దద్దుర్లు ఒక్కటి కూడా తగ్గలేదు. అయినా ప్రతి రాత్రి, ఇవాళ పొద్దున తిన్నదాంట్లో ఏముంది అని వెతుక్కుంటూనే ఉండేదాన్ని. దురద కంటే ఆ వెతుకులాటే నన్ను ఎక్కువ తినేసింది.

దురద అంటే తెలియనివాళ్ళకి ఎలా చెప్పాలో నాకిప్పటికీ తెలియదు. రాత్రి రెండింటికి లేచి బాత్రూంలో చల్లటి టైల్స్‌కి వీపు ఆనించి నిలబడేదాన్ని. గోకితే ఆ గోరు గీత కూడా దద్దులా లేచేది. మా పాప, దానికప్పుడు ఆరేళ్ళు, ఫ్రిజ్‌లోంచి ఐస్ ప్యాక్ తీసుకుని తనే నా మంచం మీద పెట్టడం అలవాటు చేసుకుంది. గాజులు తీసేశాను, వాచీ తీసేశాను, బిగుతుగా ఉన్న ఏ బట్టా వేసుకోలేకపోయాను.

సెప్టెంబరులో ఒక రాత్రి పైపెదవి వాచిపోయింది, ముక్కు దాకా. గొంతులో పట్టేసినట్టు లేదు, ఊపిరి బాగానే ఆడుతోంది, అయినా మా ఆయన భయపడి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళారు. అక్కడ స్టెరాయిడ్ ఇచ్చారు. ఐదు రోజుల ప్రెడ్నిసోన్. ఆ ఐదు రోజులూ ఒంటి మీద ఒక్క చుక్క లేదు, నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆరో రోజు రెట్టింపు వచ్చాయి. అంతకుముందు అర్జెంట్ కేర్‌లో కూడా రెండుసార్లు ఇదే జరిగింది, వేరే వేరే చోట్ల, ఒకరికొకరికి తెలియకుండా. స్టెరాయిడ్‌తో తగ్గుతుంది, కానీ నెలల తరబడి వాడే మందు కాదది, ఎముకలు, షుగరు, బీపీ అన్నిటినీ పట్టుకుంటుంది. ఎవరైనా మీకు మళ్ళీ మళ్ళీ అదే రాస్తుంటే దయచేసి అక్కడ ఆగి, దద్దుర్లకే వైద్యం చేసే అలర్జీ స్పెషలిస్టునో చర్మం డాక్టరునో వెతుక్కోండి.

నేను అలా వెతుక్కున్న అలర్జీ డాక్టరు మొదటి అపాయింట్‌మెంట్‌లో చేసిన పని ఇదీ. బాల్‌పెన్ తీసి నా ముంజేతి మీద అప్పుడే లేచిన ఒక దద్దు చుట్టూ గీత గీసి పక్కన టైం రాసింది, 10:40 అని. "ఇది ఎప్పుడు పోతుందో చూసి ఫోటో తీసి పంపండి" అంది. ఆఫీసులో కూర్చుని దాన్నే చూస్తూ ఉన్నాను. మధ్యాహ్నం మూడింటికి ఉబ్బు తగ్గింది, ఐదింటికల్లా గీత మాత్రమే మిగిలింది, లోపల మామూలు చర్మం, మచ్చ కూడా లేదు. ఒక్కో దద్దు ఇరవై నాలుగు గంటల్లోపు గుర్తు లేకుండా పోతే అది అర్టికేరియా. అంతకంటే ఎక్కువసేపు అక్కడే ఉండి, మంట పుట్టి, కమిలిన మచ్చ వదిలి పోతుంటే రక్తనాళాల వాపేమో చూడాలి, అప్పుడు చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తారు. నాకు బయాప్సీ అవసరం పడలేదు.

తర్వాత ఆమె చెప్పిన మాట విని కుర్చీలోనే ఏడ్చేశాను. "మీరు తిన్నదాని వల్ల వచ్చింది కాదు ఇది. ఈ రాత్రి ఇంటికెళ్ళి మీకిష్టమైనది వండుకుని తినండి."

రక్త పరీక్షల్లో థైరాయిడ్ హార్మోన్లు మామూలుగానే ఉన్నాయి కానీ థైరాయిడ్ మీద పనిచేసే టీపీఓ యాంటీబాడీలు బాగా ఎక్కువ, అలర్జీల్లో పనిచేసే ఐజీఈ అనే యాంటీబాడీ చాలా తక్కువ. అంటే మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే చర్మం కింది మాస్ట్ కణాలను రెచ్చగొడుతున్న రకం అయ్యుండొచ్చు అంది. నాకు అర్థమైన పద్ధతిలో చెప్తాను. మాస్ట్ కణం ఒక టపాకాయ అనుకోండి, లోపల మందు బదులు హిస్టమిన్ ఉంటుంది. పేలిందా, చుట్టూ ఉన్న సన్న రక్తనాళాల్లోంచి నీరు ఊరి చర్మం ఉబ్బుతుంది, నరాలకి దురద పుడుతుంది. సెట్రిజిన్ లాంటివి పేలుడు ఆపవు, పేలాక హిస్టమిన్ వెళ్ళి తగిలే చోటికి అడ్డం నిలబడతాయి. అందుకే ఒక మాత్ర చాలకపోతే అదే మందును నాలుగు రెట్ల దాకా పెంచుతారు. నాకూ పెంచారు, పొద్దున రెండు, రాత్రి రెండు, మొత్తం 40 మిల్లీగ్రాములు. డాక్టరు చూస్తుండగా చేసేదే తప్ప సొంతంగా పెంచుకునేది కాదు. కొంచెం తగ్గాయి, మొత్తం పోలేదు, పైగా మీటింగుల్లో కళ్ళు మూతలు పడేవి.

అప్పుడే లెక్క రాయడం మొదలుపెట్టించింది. యూఏఎస్7 అంటారు. రోజూ రాత్రి రెండు అంకెలు వేయాలి: దద్దుర్లు అసలు లేకపోతే సున్నా, ఇరవై లోపు ఉంటే ఒకటి, యాభై దాకా రెండు, అంతకు మించినా పెద్ద పెద్దగా కలిసిపోయినా మూడు, దురదకి కూడా అలాగే సున్నా నుంచి మూడు. ఏడు రోజులవి కూడితే ఎక్కువలో ఎక్కువ 42. నా మొదటి వారం 34. గోడ క్యాలెండర్‌లో, ఇండియన్ స్టోర్‌లో ఊరికే ఇస్తారే వెంకటేశ్వరస్వామి బొమ్మది, దాని గళ్ళలోనే రాసేదాన్ని. ఈ పని ఎంత చిన్నదో అంత గొప్పది, తర్వాత ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గర నా తరఫున మాట్లాడింది ఆ క్యాలెండరే.

2025 జనవరిలో జోలేర్ ఇంజెక్షన్ మొదలైంది. అసలు పేరు ఒమాలిజుమాబ్, ఈ జబ్బుకి అమెరికాలో 2014 నుంచి ఉంది. నాలుగు వారాలకొకసారి 300 మిల్లీగ్రాములు. అరుదుగా తీవ్రమైన రియాక్షన్ రావచ్చని మొదట్లో ఆసుపత్రిలోనే ఇచ్చి చాలాసేపు కూర్చోబెడతారు. పేలుడు వెలిగించే అగ్గిపుల్లల్లో ఐజీఈ ఒకటైతే ఈ ఇంజెక్షన్ ఆ పుల్లల్ని ఏరేస్తుంది. ఎంతోమందికి దీనితోనే జీవితం తిరిగొచ్చింది, నాకు తెలిసిన ఒక అమ్మాయికి మొదటి డోసుతోనే వారంలో మొత్తం పోయాయి. నాకు 34 నుంచి 20 దగ్గరకొచ్చి ఆగిపోయింది. ఐజీఈ తక్కువ, టీపీఓ ఎక్కువ ఉన్నవాళ్ళలో ఇది నెమ్మదిగా పనిచేయడం, కొందరిలో చాలకపోవడం ఉంటుందని ఆమె ముందే చెప్పింది, అందుకే ఆరు నెలలు పూర్తిగా చూద్దామంది. చూశాం. ఇరవైని దాటి కిందికి రాలేదు. తర్వాత సైక్లోస్పోరిన్ అనే పాత మందు గురించి చెప్పింది, కానీ దానికి కిడ్నీలు, బీపీ తరచూ చూసుకుంటూ ఉండాలి. నాన్నకి కిడ్నీ జబ్బు ఉంది, నాకు ధైర్యం చాలలేదు. ఆ ఏప్రిల్‌లోనే డుపిలుమాబ్‌కి కూడా ఈ జబ్బులో అనుమతి వచ్చింది, అదీ ఇంజెక్షనే.

2025 సెప్టెంబరు 30న రెమిబ్రుటినిబ్ అనే మాత్రకి అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ నుంచి అనుమతి వచ్చింది. నోవార్టిస్ వాళ్ళది, రాప్సిడో పేరుతో అమ్ముతారు. 25 మిల్లీగ్రాముల మాత్ర రోజుకి రెండుసార్లు. సెట్రిజిన్ లాంటి యాంటీహిస్టమిన్లు వాడినా తగ్గని పెద్దవాళ్ళకి మాత్రమే. దీపావళి అయిన వారానికి నా అపాయింట్‌మెంట్, ఆమె స్క్రీన్ నావైపు తిప్పి చూపించింది. ఇది చేసే పని అగ్గిపుల్లలు ఏరడం కాదు, టపాకాయ వత్తిని తడిపేయడం. మాస్ట్ కణం పైన సంకేతం తగిలాక దాన్ని లోపలికి మోసుకెళ్ళే బీటీకే అనే ఎంజైముని పట్టేసి ఆపుతుంది. పుల్ల ఏదైనా కానీ, ఆ దారిలో వచ్చే నిప్పు లోపలికి చేరదు.

ఇంటికొచ్చి బీటీకే అని వెతికితే మొదట కనిపించింది రక్త క్యాన్సర్ మందులు. గుండె జారిపోయింది. ఈ కోవలో మొదటి మందు ఇబ్రుటినిబ్‌కి 2013లో లింఫోమాకే అనుమతి ఇచ్చారు, అది నిజమే. ఆ ఎంజైముకి పేరిచ్చిన బ్రూటన్ అనే డాక్టరు 1952లో, యాంటీబాడీలే తయారవని ఒక పిల్లవాడి జబ్బు గురించి మొదట రాశారు; ఆ లోపానికి మూలం ఈ ఎంజైమేనని చాలా ఏళ్ళ తర్వాత తేలింది. మరి అలాంటిదాన్ని ఆపేస్తే నాకేమవుతుంది? ఆ రాత్రి పెట్టిన మెసేజ్‌కి డాక్టరు పొద్దున్నే ఫోన్ చేసింది. పాత మందులు బీటీకేతో పాటు వేరే వాటిని కూడా పట్టుకునేవి, ఇది చాలావరకు దాన్నే పట్టుకునేలా తయారుచేసినది అని, కొత్త మందు కాబట్టి పది పదిహేనేళ్ళ అనుభవం మాత్రం ఇంకా లేదని, రెండూ దాచకుండా చెప్పింది. రెమిక్స్ పేరుతో జరిగిన రెండు పరీక్షల్లో కలిపి 925 మంది ఉన్నారు. పన్నెండు వారాలకి మాత్ర వేసుకున్నవాళ్ళలో సుమారు 30 శాతం మందికి దద్దుర్లూ దురదా పూర్తిగా పోయాయి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో పది శాతం అటూ ఇటూ. దాదాపు సగం మందికి స్కోరు ఆరు లోపుకి వచ్చింది. అంటే సగం మందికి అంతగా రాలేదని కూడా కదా. అది తెలిసే ఒప్పుకున్నాను. అమ్మ మాత్రం "అంత కొత్త మందు నీకే ఎందుకే, ముందు వేరేవాళ్ళు వాడనీ" అంది. తల్లి కదా.

ఇన్సూరెన్స్ మొదటి జవాబు, కాదు. కొత్త మందు, మా జాబితాలో లేదు, అని ఒక్క పేజీ ఉత్తరం. అప్పీల్‌కి డాక్టరు ఆఫీసులో ప్రయర్ ఆథరైజేషన్, అంటే ఇన్సూరెన్స్ ముందస్తు అనుమతుల పని, చూసే ఆవిడ నన్ను అడిగింది ఒకటే, "మీ దగ్గర స్కోర్లు ఉన్నాయా?" ఏడాది క్యాలెండర్ పేజీలు ఒక్కోటీ ఫోటో తీసి పంపాను, దానితోపాటు పెదవి వాచిన రోజు ఫోటో, ఎమర్జెన్సీ కాగితాలు, స్టెరాయిడ్ మూడుసార్లు ఇచ్చిన తేదీలు. డాక్టరే స్వయంగా వాళ్ళ డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడింది. ఐదు వారాలకి ఒప్పుకున్నారు. డిసెంబరు మొదటి వారంలో స్పెషాలిటీ ఫార్మసీ నుంచి సీసా వచ్చింది, అరవై మాత్రలు. ఉద్యోగం తరఫున ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళకి మందు కంపెనీ నుంచి కోపేకి, అంటే మనం కట్టాల్సిన వాటాకి, సాయం దొరుకుతుంది, కానీ మనమే అడగాలి.

మొదలుపెట్టే ముందు లివర్ పరీక్ష చేశారు, లివర్ జబ్బు ఉన్నవాళ్ళు ఇది వాడకూడదు. వాడుతున్న ప్రతి మందూ రాసుకున్నారు, కొన్ని ఫంగస్ మందులు, క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు దీన్ని రక్తంలో పెంచేస్తాయట. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్ళయితే ముందే చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల రక్తస్రావం అయ్యే అవకాశం ఉంది. లైవ్ వ్యాక్సిన్లు, అంటే బలహీనపరిచిన బతికున్న క్రిములతో చేసే టీకాలు, వేయించుకోకూడదు.

మూడో రోజు రాత్రి లేవలేదు. పొద్దున అలారం మోగితే కాసేపు అర్థం కాలేదు, తెల్లవారుజామున నాలుగున్నర దాకా ఏకధాటిగా పడుకుని ఏడాదిన్నరయింది, అలాంటిది అలారం దాకా పడుకున్నాను. మొదటి వారం స్కోరు 23 నుంచి 12. నాలుగో వారానికి 7. అయిదో వారం మళ్ళీ 13కి వెళ్ళింది, జలుబు చేసి జ్వరం వచ్చింది ఆ వారం, మందు పనిచేయడం మానేసిందని రెండు రోజులు చాలా టెన్షన్ పడ్డాను. తర్వాత దిగింది. పన్నెండో వారం 2.

ఇబ్బందులు లేవని చెప్పను. మొదటి పది రోజులు తలనొప్పి, ముక్కు దిబ్బడ. ఆరో వారంలో స్నానం చేస్తుంటే మోకాలి కింద సన్నటి ఎర్ర చుక్కలు కనిపించాయి, సూదితో గుచ్చినట్టు, పది పన్నెండు. దురద లేదు. గాజు గ్లాసు అడుగుతో నొక్కి చూడమని డాక్టరు ఆఫీసులో నర్సు ఫోన్‌లో చెప్పింది. దద్దు అయితే నొక్కినప్పుడు తెల్లబడుతుంది, ఇవి తెల్లబడలేదు, గ్లాసులోంచి ఎర్రగానే కనిపించాయి. చర్మం కింద రక్తం చుక్కలవి. ఆ రోజే పరీక్ష చేస్తే ప్లేట్‌లెట్లు బాగానే ఉన్నాయి, వారంలో అవే పోయాయి, చిగుళ్ళలోంచి గానీ మూత్రంలో గానీ రక్తం కనిపిస్తే మాత్రం వెంటనే ఫోన్ చేయమన్నారు. ఇంకా ఏమీ రాలేదు.

ఫిబ్రవరి చివర్లో జ్ఞానదంతం తీయించుకోవాల్సి వచ్చింది. ఆపరేషన్‌కి ముందూ తర్వాతా మూడు నుంచి ఏడు రోజులు మాత్ర ఆపాలి, ఎన్ని రోజులన్నది ఆపరేషన్‌ని బట్టి. నాకు అటు మూడు, ఇటు మూడు. నొప్పికి ఐబుప్రోఫెన్ రాయబోతే నేనే వద్దన్నాను, దద్దుర్లు ఉన్నవాళ్ళలో కొంతమందికి ఆ రకం మందులు రెచ్చగొడతాయి, నాకు 2024లో ఒకసారి అనుభవమే. నాలుగో రోజుకి పొట్ట మీద పాత చుట్టాలు మళ్ళీ దిగాయి. అది చూసి ఏడుపొచ్చింది, కానీ ఒక సంగతి స్పష్టంగా తెలిసింది: మందు అణిచి ఉంచుతోంది, జబ్బు ఇంకా లోపలే ఉంది. చాలామందికి కొన్నేళ్ళలో దానంతట అదే పోతుందట, ఎప్పుడన్నది ఎవరూ చెప్పలేరు. మళ్ళీ మొదలుపెట్టిన రెండు రోజులకి తగ్గాయి.

రిల్జాబ్రుటినిబ్ అని ఇదే కోవలో ఇంకో మాత్ర కూడా ఈ జబ్బులో పరీక్షల్లో ఉంది. రెమిబ్రుటినిబ్ పనిచేయనివాళ్ళు అక్కడితో దారి అయిపోయిందనుకోవద్దు. ఒక్క సెట్రిజిన్ దగ్గరే ఏళ్ళ తరబడి కూర్చుని, ఉన్న నాలుగు కూరలూ మానేసుకుంటూ, తప్పు తమదేనని నమ్మేవాళ్ళని తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. డాక్టరుని అడగండి, తర్వాత ఏముంది అని. అడిగితేనే చెప్తున్నారు చాలాచోట్ల.

ఇప్పుడు వాచీ పెట్టుకుంటున్నాను. ఆదివారం గుత్తి వంకాయ చేశాను, పాప కారమని నీళ్ళు తాగుతూనే రెండు తింది. జూన్‌లో తెనాలి వెళ్తున్నాం, ముప్పై ఐదు రోజులు. రోజుకి రెండు చొప్పున డెబ్బై మాత్రలు కావాలి, సీసాలో అరవై, ఇన్సూరెన్స్ నెలకి ఒక సీసాకి మించి ఒప్పుకోదు. ప్రయాణానికి ముందుగా ఇచ్చే వెకేషన్ ఓవర్‌రైడ్ అని ఒకటి ఉందని ఫార్మసీలో చెప్పారు, టికెట్ కాపీ పంపించాను. సోమవారం మళ్ళీ ఫోన్ చేయాలి.